వెంకటి పంపిన చిప్పు

పసుపు ఉడకబెట్టే రోజుల్లో మా మెట్‌పల్లిలో ఎవరి చేయి చూసినా పచ్చగానే ఉంటుంది. బస్సు టికెట్టు పచ్చన, చాయ్ గ్లాసు పచ్చన, నా దుకాణం అద్దాల తలుపు మీద వేలిముద్రలు పచ్చన. మొదట్లో రోజూ తుడిచేవాణ్ణి, తర్వాత విసుగొచ్చి మానేశాను. ఇప్పటికీ ఆ తలుపు మీద పచ్చటి వేలిముద్ర కనబడితే చూపు పక్కకు తిప్పుకుంటాను.

పదేళ్ళ కిందటి మాట. అప్పటికింకా మా దిక్కు అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు రాలేదు. బస్టాండు వెనక గల్లీలో నాది వీడియో మిక్సింగ్ దుకాణం. పెళ్ళిళ్ళు తీయడం, తీసినదానికి పాటలు కలిపి డీవీడీలు చేసివ్వడం నా పని. దానితోపాటు చిల్లర పని ఇంకొకటి ఉండేది. ఫోన్లో తీసిన బొమ్మల్ని ఇంట్లో డీవీడీ ప్లేయర్లో ఆడేటట్టు మార్చివ్వడం. ఆ పనిలో నన్ను మించినవాడు జగిత్యాల దాకా లేడని నాకు పొగరు. మిగతావాళ్ళు ఫోన్లో ఉన్నది ఉన్నట్టే డిస్కు మీదికి ఎక్కించి ఇచ్చేవారు. అది వాళ్ళ కంప్యూటర్లో బ్రహ్మాండంగా ఆడేది, ఇంటికి పోయాక ప్లేయర్ మాత్రం ‘నో డిస్క్’ అని మొండికేసేది. పాత ప్లేయర్లు పాతకాలం ముసలాళ్ళ వంటివి, వాటికి తెలిసిన భాషలో చెప్తేనే వింటాయి. బొమ్మని ఆ తీరుకు మార్చి, డిస్కు రాసి, ఆఖరున మళ్ళీ ఏమీ ఎక్కకుండా మూసెయ్యాలి. నేను చేసిన డిస్కు తిరిగొచ్చిందన్న మాట ఆ ఏడు దాకా లేదు.

శివరాత్రికి వారం ముందు, మిట్టమధ్యాహ్నం, ఒక మనిషి పెద్ద సూట్‌కేసు ఈడ్చుకుంటూ దుకాణం మెట్లెక్కాడు. సూట్‌కేసుకు విమానం చీటీ ఇంకా వేలాడుతూనే ఉంది.

“ముకర్రం అంటే నువ్వేనా?”

“నేనే. ఏం గావాలె?”

“నా పేరు ఓంప్రకాశ్. మాది ఆదిలాబాద్ అవుతల. దుబాయిల మీ వెంకటి, నేను ఒక్కటే రూముల ఉంటం.” చొక్కా జేబులోంచి సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం మడత తీసి జాగ్రత్తగా విప్పాడు. లోపల గోరంత మెమరీ చిప్పు. “గిది నీ చేతికే ఇయ్యమన్నడు. అవ్వకు ఫోన్ల బొమ్మ ఆనది గద. టీవీల పడేటట్టు చేసియ్యాలెనట. జర జల్ది ఇయ్యమన్నడు. బొమ్మ నిన్ను గుడ చూడుమన్నడు.”

వెంకటి, నేను పదో తరగతి దాకా ఒకే బెంచీ. వాళ్ళ ఊరు మెట్‌పల్లికి ఐదు కిలోమీటర్లు. మేమూ అక్కడివాళ్ళమే, వాళ్ళ గోడా మా గోడా ఒక్కటే. నేను మిక్సింగ్ నేర్చుకుని అమ్మీని తీసుకుని మెట్‌పల్లి చేరాను, వాడు దుబాయి చేరాడు. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు వాడు తల్లికి చీర తేలేదు, డీవీడీ ప్లేయర్ తెచ్చాడు. నల్లగా, ఇటుకంత బరువుగా ఉండేది. చిప్పు పెట్టుకునే సందు గానీ పెన్‌డ్రైవు పెట్టుకునే సందు గానీ దానికి లేవు. ఆ తల్లికి, వాళ్ళవ్వ అనసూర్యకు, కళ్ళకు పొర వచ్చింది. ఫోన్ తెరలో మనిషి ఆమెకు చీమంత. టీవీ ముందు జానెడు దూరంలో కూర్చుంటే మాత్రం మొహాలు తెలిసేవి.

ఓంప్రకాశ్‌ను చాయ్ తాగి పొమ్మన్నాను. బస్సు వేళయిందన్నాడు. రెండేళ్ళ తర్వాత దేశం దిగినవాడు, పెళ్ళాం పిల్లల మొహం చూడకముందే, తిన్నగా ఆదిలాబాద్ పోయే బస్సు విడిచిపెట్టి చుట్టు తిరిగి మెట్‌పల్లిలో దిగాడు. అంత పని ఎందుకు పెట్టుకున్నాడో నాకు తట్టలేదు. దోస్తు మాట మన్నించాడు, మంచివాడు అనుకున్నాను.

“మంచిగున్నడా మావోడు?” అని అడిగాను.

సూట్‌కేసు పిడి పైకి లాగాడు. “ఉన్నడు. డ్యూటీ చానా ఉన్నది. నాతోని ఎక్కువ మాట్లాడడు. చెప్పేదంత చిప్పుల చెప్పిండట.”

అప్పటికే లోపల బల్ల మీద ముత్తయ్య అనే పెళ్ళికూతురి తండ్రి పొద్దుటి నుంచి కూర్చుని ఉన్నాడు. బిడ్డ అప్పగింతల దగ్గర ఏ పాట పెట్టాలో ఆయనకు తేలలేదు. ఒక పాట పెడితే ఏడుపు చాలలేదంటాడు, ఇంకోటి పెడితే మరీ ఎక్కువైందంటాడు. స్పీకర్లు మోగిపోతున్నాయి. నేను వెంకటి చిప్పును రెండో కంప్యూటర్‌కు పెట్టి, మాట వినబడకుండా కట్టేసి, పని మొదలుపెట్టాను. మాట కట్టేసి చూడడం నాకు అలవాటు. ఏళ్ళ తరబడి ఇతరుల పెళ్ళిళ్ళ గోల విని విని చెవులు పాడైనవాణ్ణి, బొమ్మ సరిగ్గా ఉంటే మాట సరిగ్గానే ఉంటుందని నా లెక్క.

బొమ్మ పన్నెండు నిమిషాలు. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినందువల్ల వెంకటి తెర మీద అడ్డంగా పడుకున్నట్టు కనిపించాడు. లేపి నిలబెట్టాను. ఇనుప మంచం, మెడలో నీలం తువ్వాలు, గడ్డం పెరిగింది. తొందర తొందరగా ముందుకు జరుపుతూ చూశాను. చేతులు తిప్పుతూ ఏదో చెప్తున్నాడు. ఒకసారి తలుపు వైపు తిరిగి చూశాడు. ఆఖరున తువ్వాలుతో మొహం తుడుచుకుని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ‘ముగింపు తెగిపోలేదు, బాగుంది’ అనుకున్నాను. పనిమంతుడి చూపు అది. దోస్తు చూపు కాదు. రాత్రికి తీరిగ్గా మాట పెట్టుకుని చూద్దామని కూడా అనుకున్నాను. ఆ రాత్రి ముత్తయ్య బిడ్డ అప్పగింతలతోనే తెల్లారింది.

డిస్కు రాసి, మూసి, దుకాణం ప్లేయర్లో పెట్టి ఆడుతుందో లేదో చూశాను. ఆడింది. మునుపు సెలవులో వచ్చినప్పుడు నా దగ్గరే దిగిన ఫోటో ఒకటుంటే వాడి మొహం గుండ్రంగా కత్తిరించి స్టిక్కరు చేసి డిస్కు మీద, నడిమి చిల్లుకు పైన అంటించాను. ఇది ఎవరూ అడగని పని, మనవాడు కదా అని చేసింది.

ఇంకొకటి కూడా చేశాను. ఎవరి చిప్పునూ ఖాళీగా తిరిగివ్వకపోవడం మా గల్లీలో మర్యాద. చుట్టమింటికి పోయి ఉత్త గిన్నె తిరిగిస్తామా? చిప్పును శుభ్రంగా తుడిచి, నిండేదాకా ఒగ్గు కథలూ భజనలూ ఎక్కించాను.

మర్నాడు సాయంత్రం అనసూర్య పెద్దమ్మ, వెంకటి తండ్రి రాజయ్య పెద్దబాపు చేను నుంచి అటే వచ్చారు. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. పెద్దమ్మ డిస్కును కొంగుతో పట్టుకుని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది.

“గిది నా కొడుకే! నువ్వు చూసినవా బిడ్డా? ఎట్లున్నడు?”

“మంచిగున్నడు పెద్దమ్మా. గడ్డం పెంచిండు.”

“బక్కగైండా?”

“ఏం కాలే. గట్లనే ఉన్నడు.”

నిజానికి బక్కగయ్యాడో లేదో నేను చూడలేదు. పెద్దబాపుకు చిప్పు ఇచ్చి, ఫోన్లో పెట్టుకుని కల్లం కాడ వినమన్నాను. ఒగ్గు కథలున్నాయంటే ఆయన మొహం వెలిగింది. “మావాడు బొమ్మ పంపిండు, నువ్వు కథ పంపినవ్,” అని నా భుజం తట్టాడు. అంగీ మీద ఆ పచ్చటి అయిదు వేళ్ళూ నాలుగు ఉతుకుల దాకా పోలేదు.

హోళీ దగ్గర పడ్డాక వాళ్ళిద్దరూ మళ్ళీ వచ్చారు. దాదాపు మూడు వారాలు గడిచాయి. ఈ నడుమ పెళ్ళిళ్ళ బొమ్మలతో నా హార్డ్‌డిస్కు నిండిపోయింది. ప్రతి శనివారం పాత పనులన్నీ తుడిచేసి చోటు చేసుకోవడం నా పద్ధతి. వెంకటి బొమ్మ ఇంకా చూడలేదని తుడిచేటప్పుడు గుర్తుకు రాలేదు. ఒకవేళ గుర్తొచ్చినా, డిస్కు వాళ్ళింట్లో ఉందిగా, ఎప్పుడైనా పోయి చూడొచ్చు అనుకుని ఉండేవాణ్ణేమో.

పెద్దమ్మ చేతిసంచిలోంచి తెల్ల బట్ట మూట తీసింది. తప్పు చేసిన బడిపిల్ల తీరుగా నిలబడింది.

“బొమ్మ పడుతలేదు బిడ్డా. గా మిషిను గుడ ఆగిపోయింది.”

మూట విప్పి చూస్తే డిస్కు మెరిసే వైపు మెరుపే లేదు. అంతటా గీతలు, గీతల్లో పసుపు. నాకు ముందు నవ్వొచ్చింది.

“గిదేంది పెద్దమ్మా? డిస్కుకు పసుపెందుకు పూసినవ్?”

“పుయ్యలే. బొట్టు పెట్టిన. ఇంటికి కొత్తది ఏదొచ్చినా పెడ్త గద. గా మిషిను తెచ్చిననాడు గుడ పెట్టిన, ఏం కాలే.”

“పెడితే పెట్టినవ్. ముందట స్టిక్కరుండె గద, దాని మీద పెట్టకపోయినవా? ఎనుక ఎందుకు పెట్టినవ్?”

పెద్దమ్మ నా వైపు వింతగా చూసింది. ఇంత పెద్దవాడికి ఈపాటి తెలియదా అన్నట్టు.

“ముందట నా కొడుకు మొకమున్నది. ఫోటోకు బొట్టు ఎవలకు పెడ్తరు బిడ్డా? పోయినోళ్ళకు పెడ్తరు. నా కొడుకు సల్లగుండంగ నేనెట్ల పెడ్త?”

నాకు నవ్వు ఆగిపోయింది. ఆమె కొత్త పసుపు కొమ్ము అరగదీసి, ముద్ద చేసి, అరచేతంత పెద్ద బొట్టు వెనక వైపు పెట్టిందట. దాని మీద కుంకుమ. తడి ఆరకముందే ప్లేయర్లో పెట్టారు. అది గిర్రున తిరిగి లోపలి అద్దపు కంటి నిండా పసుపు చల్లింది. బొమ్మ రాలేదు. పెద్దబాపు డిస్కు తీసి, ఇత్తడి చెంబు తోమినట్టు, బూడిద వేసి కొబ్బరి పీచుతో తోమాడు. మనసు పెట్టే తోమాడు, ఒక్క అంగుళం విడవలేదు.

“ఆనాడే వస్తే అయిపోతుండె గద,” అన్నాను.

“ఎట్ల వస్తం?” అన్నాడు పెద్దబాపు. “పసుపు ఉడకబెట్టే కడాయి మాకు అప్పుడే వంతు వచ్చింది. ఉడికిన పసుపు ఒక్కపూట గుడ ఆగదు. ఎండబెట్టుడు, పాలిష్ పట్టుడు, నిన్నటికి తెమిలింది.”

నేను కంప్యూటర్లో వెతికాను. శనివారాలు మూడు దాటాయి. పెద్దబాపు ఫోన్లోంచి చిప్పు తీసి చూశాను. ఒగ్గు కథలున్నాయి. అయినా నాకు పెద్ద బాధ కలగలేదు. వెంకటి బతికున్నాడు, నోరుంది, ఫోనుంది. బొమ్మదేముంది?

“ఫికర్ చెయ్యకుండ్రి. నేను ఫోన్ చేసి మళ్ళొకసారి తీసి పంపుమంట,” అన్నాను.

పెద్దబాపు గబుక్కున తలెత్తాడు. “వద్దు వద్దు. నువ్వు చెప్పకు. వాడు పరేషాన్ అయితడు. నేను చెప్త తియ్.”

పెద్దమ్మ నేల చూపులు చూస్తూ ఉంది. తల్లి చేతివాటం కొడుక్కి తెలిస్తే నవ్వుతాడని కాబోలు అనుకున్నాను. నేను ఫోన్ చేయలేదు. డిస్కు మాత్రం ఉంచి పొమ్మన్నాను, వీలు చూసుకుని రుద్ది చూద్దామని.

ఉగాది ముందురోజు ఓంప్రకాశ్ ఆదిలాబాద్ నుంచి ఫోన్ చేశాడు. అతనికి రూములోవాళ్ళు చెప్పారట. వెంకటి డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాడు, పొద్దున లేపితే లేవలేదు. గుండె ఆగింది అని కాగితంలో రాశారు. ఇరవై తొమ్మిదేళ్ళు.

“వాళ్ళింటి నంబరు నా కాడ ఉన్నది. చెయ్యబుద్ధయితలేదు,” అన్నాడు ఓంప్రకాశ్. “నువ్వే పో.”

షట్టరు సగం దించి అమ్మీని బండి మీద ఎక్కించుకుని పోయాను. మేం పోయేసరికి పెద్దబాపు మామిడాకుల కట్ట తెచ్చి గడప మీద పెడుతున్నాడు. మమ్మల్ని చూసి, అమ్మీతో, “పండుగకు ఒకరోజు ముందుగాల్నే వచ్చిండ్రా చాంద్‌బీ?” అని నవ్వాడు. తర్వాత నా మొహం చూశాడు. నేను చెప్పాల్సిన పని లేకపోయింది. పెద్దమ్మ లోపల బెల్లం తురుముతూ, ఎవరొచ్చారని అడుగుతూనే ఉంది.

శవం రావడానికి ఇరవై ఆరు రోజులు పట్టింది. ఆ ఇరవై ఆరు రోజుల్లో నాకు బుద్ధొచ్చింది, చేతులు కాలాక వచ్చే బుద్ధి. వాడు చెప్పిన మాట, వాడి గొంతు ఈ లోకంలో ఒక్కచోటే ఉండింది, దాన్ని తుడిచినవాణ్ణి నేను. ఓంప్రకాశ్‌ను అడిగాను. వెంకటి తన ఫోన్‌లోని చిప్పునే పీకి ఇచ్చాడట, ఇంకో నకలు లేదు. ఆ బొమ్మ తీసేటప్పుడు అందరినీ బయటికి పొమ్మని తలుపేసుకున్నాడట. ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు.

చిప్పు తీసుకుని కరీంనగర్ పోయాను. పోయినవి తిరిగి తీసే మనిషి ఒకాయన ఉన్నాడంటే వెతుక్కుంటూ పోయాను. గంటసేపు చూసి, కళ్ళద్దాలు పైకి తోసుకుని అన్నాడు.

“తుడిస్తే తియ్యొచ్చు అన్నా. తుడిచినంక ఉత్తగ ఉంచినా బయటికొచ్చు. నువ్వు అంచుదాకా నింపినవ్. ఎవలు నింపుమన్నరు నిన్ను?”

ఎవరూ నింపమనలేదు. మర్యాద నింపమంది. నా హార్డ్‌డిస్కు మీద కూడా మూడు వారాల పెళ్ళిళ్ళు పరుచుకుని ఉన్నాయి. ఇంటికొచ్చి అమ్మీకి చెప్తే ఆమె నమాజు చాప మడతపెడుతూ, “అమానత్ థీ రే వో,” అంది. నమ్మి చేతిలో పెట్టిన సొత్తు అది అని. తిట్టి ఉంటే బాగుండేది.

మిగిలింది డిస్కు. పళ్ళ పేస్టు పెట్టి మెత్తటి బట్టతో, నడుమ నుంచి అంచుకు, రోజూ రెండు గంటలు రుద్దాను. చిన్న గీతలకు ఆ మందు పనిచేస్తుంది. బూడిదా పీచూ చేసిన గీతలకు ఏమీ చేయలేదు. ఇరవైసార్లు పెడితే ఒకసారి మొదటి తునక కదిలేది.

పదకొండో రోజు కర్మ అయిపోయిన నాలుగు రోజులకు పెద్దమ్మ ఒక్కతే బస్సెక్కి వచ్చింది. అద్దాల తలుపు చేత్తో నెట్టుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. 

“ఎంతస్తే గంతనే చూపెట్టు,” అంది.

నేను కంప్యూటర్‌కు పెట్టాను. ఈసారి మాట పూర్తిగా పెట్టాను. డిస్కు లోపల గరగరమని మూలిగింది. తెర మీద వెంకటి వచ్చాడు, సగం మొహం గళ్ళు గళ్ళుగా చెదిరి. “అవ్వా, బాపూ, మంచిగున్నరా? నేను...” అన్నాడు. అక్కడ ఆగిపోయాడు, నోరు తెరిచి. 

పెద్దమ్మ తెర మీద చేయి పెట్టి బుగ్గ నిమిరింది. “మళ్ళ పెట్టు,” అంది. మళ్ళీ పెట్టాను. “మళ్ళ.” అయిదుసార్లు వచ్చాడు. ఆరోసారి కంప్యూటర్ డిస్కును బయటికి తోసేసింది, ఆ తర్వాత ఇక ఎన్నడూ తీసుకోలేదు.

“నేను... అన్నడు. తర్వాత ఏమన్నడు బిడ్డా? నువ్వు చూసినవ్ గద.”

నిజం చెప్పాల్సిన చోటు అదే. పెద్దమ్మా, నేను వినలేదు, మాట కట్టేసి చూశాను అని చెప్పాలి. ఆమె పొర కమ్మిన కళ్ళు నా పెదవుల మీద పెట్టుకుని కూర్చుంది. నా నోట వచ్చింది ఇంకో మాట.

“నేను మంచిగున్న, మీరు ఫికర్ చెయ్యకుండ్రి అన్నడు. అవ్వా, ఎండల తిరుగకు, కండ్ల ఆపరేషన్ చేయించుకో అన్నడు. బాపును బరువులు మొయ్యనియ్యకు అన్నడు. దసరాకు వస్త, వచ్చినంక పెండ్లి మాట మాట్లాడుదం అన్నడు.”

ఆమె తల ఊపుతూ ఏడ్చింది. ఏడుస్తూనే ఒకచోట నవ్వింది. “పెండ్లి అంటె ఉరికెటోడు. వాడే అన్నడా?” అంది. అబద్ధానికి అంత తొందరగా ప్రాణం వస్తుందని నాకు తెలియదు. దాన్ని గట్టి చేద్దామని, నేను కళ్ళారా చూసినది ఒక్కటుంటే అదీ చేర్చాను.

“ఆఖరుకు రెండు చేతులెత్తి దండం పెట్టిండు పెద్దమ్మా.”

ఆమె ఏడుపు ఆగింది.

“దండం పెట్టిండా? మాకా?”

“ఆఁ.”

ఆమె లేచి, డిస్కును బట్టలో చుట్టుకుని, కొంగుతో మొహం తుడుచుకుని బస్టాండు వైపు నడిచింది.

ఆ తర్వాత ఎండాకాలం పోయేదాకా నేను వాళ్ళ ఊరి దిక్కు పోలేదు. మిరుగు కార్తె వచ్చి, మొదటి వానలు పడి, జనం పసుపు విత్తనం పెట్టడం మొదలుపెట్టాక అమ్మీ ఊరుకోలేదు, బలవంతాన పంపింది. నేను పోయేసరికి ఎవరో చుట్టాలు ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. పెద్దమ్మ వాళ్ళకు కొడుకు చెప్పిన మాటలు చెప్తోంది. ఎండల తిరుగకు అన్నడు. కండ్ల ఆపరేషన్ అన్నడు. దసరాకు వస్త అన్నడు. నేను చెప్పినవి ఒక్క అక్షరం పొల్లుపోలేదు. దండం సంగతి మాత్రం చెప్పలేదు. “గిదో, ముకర్రం విన్నడు. అడుగుండ్రి,” అని నన్ను చూపించింది. వాళ్ళు నా వైపు తిరిగారు. అవునన్నట్టు తలూపాను.

గోడ మీద, మునుపు టీవీ పక్కన ప్లేయర్ ఉన్నచోటికి పైన, డిస్కు మేకుకు వేలాడుతోంది. నేను అంటించిన స్టిక్కరు బయటికి కనబడేటట్టు పెట్టారు. వెంకటి నుదుట గుండ్రంగా పసుపు, పసుపు నడుమ కుంకుమ ఉన్నాయి. ఈసారి ముందువైపే పెట్టింది.

చుట్టాలు లేచి వెళ్ళాక పెద్దమ్మ నా దగ్గరికి జరిగింది. గొంతు తగ్గించింది.

“ముకర్రం, గా దండం ఎందుకు పెట్టిండంటవ్?”

“పోయొస్త అని పెట్టిండు కావచ్చు పెద్దమ్మా.”

“విమానం ఎక్కిననాడు గుడ పెట్టలే బిడ్డా. కన్నోళ్ళకు గట్ల ఎవలు పెడ్తరు? పరాయోళ్ళకు పెడ్తరు. ఏదన్న అడిగేటోళ్ళు పెడ్తరు.” గోడ మీది డిస్కు వైపు చూసింది. “రాత్రంత గదే కండ్ల ముందట ఆడుతది. నేను చూసినట్టే ఆడుతది.”

నేను లేచి చేను వైపు నడిచాను. పెద్దబాపు బోదెల మీద వంగి పసుపు విత్తనం పెడుతున్నాడు. నన్ను చూసి నడుం ఎత్తాడు. ఆయన ఆ నాలుగు నెలల్లో పదేళ్ళు ముసలివాడయ్యాడు. బురద చేతులు లుంగీకి తుడుచుకుని, నేనేమీ అడగకముందే తనే మొదలుపెట్టాడు. చాలా రోజుల నుంచి నా కోసం దాచిపెట్టుకున్నట్టు.

“శివరాత్రి దాటినంక శుక్కురారం నాడు ఫోన్ చేసిండు. ‘బాపూ, చిప్పు చూసిండ్లా?’ అన్నడు. అప్పటికే డిస్కు ఖరాబయింది. నీ అవ్వ బొట్టు పెట్టి చెడగొట్టిందని ఎట్ల చెప్త? అది పక్కపొంటి నిలబడి, చెప్పకు చెప్పకు అని చెయ్యి ఊపుతున్నది. ‘చూసినం బిడ్డా’ అన్న. ‘అంత విన్నరా?’ అన్నడు. ‘అంత విన్నం’ అన్న.” ఆయన గంప పక్కకు జరిపాడు. “మళ్ళ అన్నడు, ‘అయితే ఏమంటవ్ బాపూ?’ అని. నేనేమంట? వాడు ఏం చెప్పిండో నాకెరుకనా? ‘ఏమంట బిడ్డా, ఉన్నకాడ మంచిగుండు’ అన్న.”

“వాడేమన్నడు?”

“‘సరే బాపు’ అన్నడు. గంతే. మళ్ళెన్నడు చిప్పు మాట తియ్యలే.”

పక్క చేనులో ఎవరో ఎడ్లను అదిలిస్తున్నారు. మేమిద్దరం అటు చూశాం. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

“పెద్దబాపూ, నేను వినలే. మాట బందు చేసి చూసిన. పెద్దమ్మకు చెప్పినవన్ని అబద్ధాలే.”

“ఎరుకే,” అన్నాడు. “నువ్వు వింటే ఆనాడే నాకు ఫోన్ చేస్తుంటివి.”

నా భుజం మీద చేయి వేయబోయి, బురద చూసుకుని ఆగాడు.

“దానికి చెప్పకు,” అన్నాడు. “మళ్ళెప్పుడన్న అడిగితే, పోయొస్త అనే పెట్టిండని చెప్పు.”

గంపలోంచి విత్తనపు కొమ్ము ఒకటి తీసుకుని, విరిచి, మళ్ళీ బోదె మీదికి వంగాడు. చీకటి పడేదాకా నేనూ ఆయన పక్కన సాలులో వంగి విత్తనం పెట్టాను.